రేవు దగ్గర కూర్చున్నవాళ్లు

హైతీ కొండల మీద కాఫీ కోసిన రైతు గింజల్ని నెత్తిన పెట్టుకునో, గాడిద మీద వేసుకునో దగ్గర్లోని చిన్న ఊరికి దిగుతాడు. అక్కడ లైసెన్సున్న కొనుగోలుదారు త్రాసు పెట్టుకుని కూర్చుని ఉంటాడు. క్రెయోల్ భాషలో అతన్ని ఎస్పెకిలాతె అంటారు. పంటకు ముందు అప్పిచ్చేది అతనే, తూకం వేసేది అతనే, గింజలో తేమ ఉందనీ రాళ్లున్నాయనీ తరుగు తీసేదీ అతనే. వడ్లో పత్తో అమ్ముకున్న మన రైతుకు తరుగు అంటే ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు. అక్కణ్నుంచి బస్తా రేవు పట్నానికి చేరుతుంది. గోదాములున్న ఎగుమతి వర్తకుల వీధిని బోద్‌మే అంటారు. సముద్రపు ఒడ్డు అని దానికి అర్థం. ఆ వర్తక వర్గం మొత్తాన్నీ ఆ పేరుతోనే పిలవడం అలవాటు. ఒకప్పుడు బస్తా ఓడ ఎక్కే ముందు సర్కారు ఎగుమతి సుంకం వసూలు చేసేది. వర్తకుడు ఆ సుంకాన్ని తన లాభంలోంచి కట్టేవాడు కాదు, రైతుకిచ్చే ధరలోంచి ముందే కోసుకునేవాడు.

19వ శతాబ్దంలో హైతీ రాజ్యం ప్రధానంగా ఈ బస్తా మీదే బతికింది. సైన్యం ఖర్చు, ఉద్యోగుల జీతాలు, విదేశీ అప్పుల కిస్తీలు అన్నీ దాంట్లోంచే. ఆ డబ్బులో కొండమీదికి తిరిగి వెళ్లింది మాత్రం దాదాపు శూన్యం. రోడ్డు లేదు, బడి లేదు, ఆసుపత్రి లేదు. పల్లె జనానికి పట్నంవాళ్లు పెట్టిన పేరు మూన్ ఆందెయో, అంటే బయటి మనుషులు. చాలా కాలం పాటు పల్లెలో పుట్టిన పిల్లల జనన పత్రం మీద రైతు అని ముద్ర ఉండేది. సొంత దేశంలో మెజారిటీ జనాన్ని బయటివాళ్లు అని పిలిచిన దేశం ఎందుకు పేదగా ఉంది అనేది ఇక్కడి ప్రశ్న. ఇందులో అక్కడి వ్యాపార కుటుంబాల వాటా ఎంత అన్నదాని మీద వందేళ్లుగా వాదం నడుస్తోంది.

ఆ వాదంలోకి వెళ్లేముందు కొంత చరిత్ర చెప్పుకోవాలి. ఫ్రెంచి వలసగా ఉన్న రోజుల్లో, 1780ల చివర, ఈ నేల యూరప్ వాడే చక్కెరలో దాదాపు 40 శాతం, కాఫీలో సగానికి పైగా పండించేది. దాదాపు 5 లక్షల మంది ఆఫ్రికన్ బానిసల చెమట అది. తెల్లవాళ్లు 30 నుంచి 40 వేలు. వీళ్లిద్దరి మధ్య సుమారు 30 వేల మంది స్వతంత్రులైన మిశ్రమ సంతతివాళ్లూ, విడుదలైన నల్లవాళ్లూ ఉండేవారు. వాళ్లలో కొందరికి తోటలూ బానిసలూ ఉన్నారు. 1791లో తిరుగుబాటు మొదలైంది. 1804 జనవరి 1న దేశం స్వతంత్రమైంది. బానిసలు గెలిచి రాజ్యం ఏర్పరచుకున్న ఘటన ప్రపంచ చరిత్రలో ఇదొక్కటే.

గెలిచిన మర్నాడే భూమి ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. తెల్ల తండ్రులు వదిలిపోయిన తోటలు మావే అని మిశ్రమ సంతతివాళ్లు పత్రాలు చూపించారు. తండ్రులు ఆఫ్రికాలో ఉండిపోయిన మాజీ బానిసల మాటేమిటని అడిగినవాడు కొత్త దేశపు తొలి పాలకుడు జాన్ జాక్ డెసలీన్. ఆయన పట్టా పత్రాల తనిఖీకి దిగాడు. 1806 అక్టోబరు 17న రాజధాని శివార్లలో సొంత సేనానులే ఆయన్ని చంపారు. హత్యకు ఇదొక్కటే కారణం కాదు గాని, ఈ కారణాన్ని తీసేసి ఆ హత్యను వివరించడం కష్టం.

తర్వాత ఏలినవాళ్లు జనాన్ని తిరిగి తోటలకు కట్టేయాలని చూశారు. అధ్యక్షుడు బోయర్ 1826లో తెచ్చిన గ్రామీణ చట్టం ఉద్దేశం అదే. జనం ఒప్పుకోలేదు. కొండలెక్కి చిన్న చెక్కలు చేసుకుని కాఫీ మొక్కలు, తిండి గింజలు వేసుకున్నారు. భూమి మీద పట్టు జారిపోయిందని గ్రహించిన పెద్దలు రేవుకు మకాం మార్చారు. పండించేవాణ్ని లొంగదీయలేకపోయినా, పండినది దేశం దాటే దారిని పట్టుకున్నారు. హైతీ వర్గ చరిత్రలో అసలు మలుపు ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

దీనికి బయటి పీడ తోడైంది. 1825లో ఫ్రెంచి రాజు పదో చార్లెస్ పంపిన యుద్ధనౌకలు పోర్ట్ ఓ ప్రిన్స్ ముందు నిలబడ్డాయి. స్వాతంత్ర్యాన్ని గుర్తించాలంటే 15 కోట్ల ఫ్రాంకులు కట్టాలి. బానిసల్నీ తోటల్నీ పోగొట్టుకున్న యజమానులకు పరిహారం అట. మొదటి కిస్తీ కట్టడానికి పారిస్ బ్యాంకుల దగ్గరే 3 కోట్ల ఫ్రాంకుల అప్పు చేయాల్సి వచ్చింది. కమీషన్లు పోగా చేతికొచ్చింది 2 కోట్ల 40 లక్షలు. 1838లో పరిహారాన్ని మొత్తం 9 కోట్లకు తగ్గించినా, దాన్ని తీర్చడానికి చేసిన అప్పుల తోక 20వ శతాబ్దం నడుమ దాకా సాగింది. 2022లో న్యూయార్క్ టైమ్స్ లెక్క ప్రకారం హైతీ కట్టినది ఇప్పటి విలువలో సుమారు 56 కోట్ల డాలర్లు. ఈ డబ్బు కట్టింది కాఫీ రైతు. ఒప్పందం మీద సంతకం పెట్టింది పట్నం. తర్వాత 1880లో జాతీయ బ్యాంకు అని ఒకటి పుట్టింది. దాన్ని నడిపింది పారిస్ బ్యాంకు. హైతీ ఖజానాలోకి వచ్చే డబ్బు మీదా పోయే డబ్బు మీదా ఆ బ్యాంకు రుసుము తీసుకునేది.

పారిస్‌కూ, తర్వాత న్యూయార్క్‌కూ చేరిన ఈ దోపిడీనే పేదరికానికి మూలం అనేవాళ్లు ఒక వర్గం. అమెరికన్ వైద్యుడు, మానవశాస్త్రవేత్త పాల్ ఫార్మర్ 1994లో రాసిన పుస్తకంలో ఈ వాదం బలంగా ఉంది. 1914 డిసెంబరులో అమెరికన్ మెరైన్లు బ్యాంకు నుంచి 5 లక్షల డాలర్ల బంగారాన్ని ఓడకెక్కించి న్యూయార్క్‌కు తీసుకుపోయారు. మరుసటి ఏడు దేశాన్నే ఆక్రమించుకుని 1934 దాకా కదల్లేదు. ఇవన్నీ తిరుగులేని వాస్తవాలు. కానీ ఈ వాదాన్ని హైతీ పెద్దలు కూడా ఎంతో ఇష్టంగా వినిపిస్తారు. పారిస్ పాపం చెప్పుకుంటూ కూర్చుంటే బోద్‌మే లెక్కల పుస్తకం ఎవరూ తెరవమని అడగరు కదా.

రెండో వాదం రంగుది. అమెరికన్ సమాజశాస్త్రవేత్త జేమ్స్ లేబర్న్ 1941లో హైతీ సమాజాన్ని కుల వ్యవస్థగా వర్ణించాడు. పైన లేత రంగు, ఫ్రెంచి భాష, చర్చి పెళ్లి. కింద నల్ల రంగు, క్రెయోల్, వోడూ. కంటికి కనిపించేది నిజంగానే ఇలా ఉంటుంది. పదిమందిలో ఒకరికి కూడా సరిగ్గా రాని ఫ్రెంచి కోర్టులోనూ బడిలోనూ ఏలుతూ వచ్చింది. 1987 రాజ్యాంగం దాకా క్రెయోల్‌కు దాంతో సమాన హోదా దక్కలేదు. అయినా 1844లో దక్షిణాన రైతుల్ని కూడగట్టిన ఆకో పేరు మీద ఒక సామెత చలామణిలో ఉంది. డబ్బున్న నల్లవాడు మిశ్రమ సంతతివాడే, డబ్బులేని మిశ్రమ సంతతివాడు నల్లవాడే అని దాని సారం. తొంభై ఏళ్ల తర్వాత కవి, నవలాకారుడు, హైతీ కమ్యూనిస్టు పార్టీ స్థాపకుడు జాక్ రూమాన్ అదే విషయాన్ని సిద్ధాంతంగా రాశాడు. రంగు ద్వేషం నిజమే గాని, దాని ముసుగులో నడిచేది వర్గ పోరాటం అన్నాడు. లేబర్న్ కంటే ఆకో సామెతే నాకు దగ్గరగా ఉంటుంది.

రంగు వాదాన్ని పరీక్షించడానికి చరిత్ర ఒక అవకాశం ఇచ్చింది. 1957లో ఫ్రాన్స్వా దువాలియే నల్లవాళ్ల రాజ్యం పేరుతో అధికారంలోకి వచ్చాడు. టోంటోన్ మకూట్ అనే ప్రైవేటు సైన్యంతో ఊళ్లను వణికించాడు. చనిపోయినవాళ్లలో, పారిపోయినవాళ్లలో మిశ్రమ సంతతివాళ్లు చాలామంది ఉన్నారు. అయితే రేవు వ్యాపారం మాత్రం మారలేదు. వాటా ఇచ్చిన వర్తకుడు నిలబడ్డాడు, ఇవ్వనివాడు పోయాడు. పొగాకు గుత్తాధిపత్య సంస్థ ద్వారా వచ్చే డబ్బుకు బడ్జెట్‌లో లెక్కే ఉండేది కాదు. 1980లో కొడుకు జాన్ క్లోద్ దువాలియే మిశ్రమ సంతతి వ్యాపారి కూతురు మిషెల్ బెనెట్‌ను పెళ్లాడినప్పుడు, తండ్రి నినాదాన్ని నమ్మినవాళ్లకు మిగిలింది గుండె కోత. ఆ పెళ్లి ఖర్చు లక్షల డాలర్లలో లెక్క.

మూడో వాదం ఆర్థికవేత్తలది. స్వీడన్‌కు చెందిన మాట్స్ లుండాల్ 1979 నాటి తన పెద్ద గ్రంథంలో దళారుల మధ్య పోటీ ఉందనీ, మొత్తం నేరం వాళ్ల మీద వేయలేమనీ వాదించాడు. జనం పెరిగి, కొండవాలు మట్టి కొట్టుకుపోయి, దోచుకోవడమే తెలిసిన సర్కారు చూస్తూ కూర్చోవడం వల్ల రైతు చితికిపోయాడన్నది ఆయన మాట. కాఫీ వ్యాపారాన్ని కింది నుంచి పై దాకా పరిశీలించిన ఫ్రెంచి భౌగోళిక శాస్త్రవేత్త క్రిస్టియన్ జిరో, 1981లో, రైతు నుంచి ఎగుమతిదారు దాకా ఉన్న గొలుసునూ, పైమెట్టు మీద కొద్ది సంస్థల చేతిలో ఉన్న పట్టునూ చూపించాడు. ఇద్దరూ చెప్పింది పూర్తిగా విరుద్ధం కాదు. కింది మెట్టు మీద పదిమంది ఎస్పెకిలాతెలు పోటీ పడవచ్చు. రేవు దగ్గర తలుపు ఒక్కటే ఉన్నప్పుడు ఆ పోటీతో రైతుకు ఒరిగేది చాలా తక్కువ.

వీటన్నిటినీ ఒక చోటికి చేర్చినవాడు హైతీ మానవశాస్త్రవేత్త మిషెల్ రోల్ఫ్ ట్రుయో. రాజ్యం ఒకవైపు, జాతి మరొకవైపు నిలబడ్డాయని 1990లో వచ్చిన ఆయన పుస్తకం చెబుతుంది. సుంకం మీద బతికే రాజ్యానికి రైతు ఎలా ఉన్నాడన్న చింత లేదు. ఎగుమతి దిగుమతుల మీద బతికే వర్తకుడికీ లేదు. ఇద్దరూ కలిసి ఒకే బస్తాలో వాటా పంచుకున్నారు. దువాలియే ఆ ఏర్పాటుకు పుట్టిన బిడ్డే గాని ఆకాశం నుంచి ఊడిపడిన రాక్షసుడు కాదన్నది ఆయన నిర్ధారణ. అలెక్స్ డ్యుపుయ్, రాబర్ట్ ఫాటన్ వంటి తర్వాతివాళ్లు దీనికి చేర్పులు చేశారు. పునాదిని కదిలించినట్టు నాకు కనిపించలేదు.

మన తెలుగు వామపక్ష చర్చల్లో దళారీ పెట్టుబడిదారు, జాతీయ పెట్టుబడిదారు అనే విభజన మీద పార్టీలే చీలాయి. ఎవరు ఏ గంపలోకి వస్తారన్నది మన దగ్గర ఇంకా తేలని తగాదా. హైతీలో ఆ మాట దాదాపు నిఘంటువు అర్థంతోనే సరిపోతుంది. అక్కడి పెద్ద ఇళ్లు బయటి సరుకుకు ఏజెంట్లుగా, బయటికి పోయే సరుకుకు కమీషన్ వ్యాపారులుగా పెరిగినవి. చాలామంది మూలాలు కూడా బయటివే. 19వ శతాబ్దం చివర జర్మన్, ఫ్రెంచి వర్తకులు, 1890ల నుంచి లెబనాన్, సిరియా ప్రాంతాలవాళ్లు వచ్చి స్థిరపడ్డారు. విదేశీయుడికి భూమి హక్కు లేదని తొలి రాజ్యాంగాల నుంచీ ఉన్న నిబంధనను జర్మన్లు హైతీ స్త్రీలను పెళ్లాడి దాటేశారు. విదేశీ పౌరసత్వం మాత్రం వదులుకోలేదు, ఎందుకో 1897లో తెలిసింది. జర్మన్ తండ్రికీ హైతీ తల్లికీ పుట్టిన ఎమిల్ లూడర్స్ అనే వ్యక్తిని స్థానిక పోలీసులతో గొడవ కేసులో జైల్లో పెట్టారు. జర్మనీ రెండు యుద్ధనౌకలు పంపింది. 20 వేల డాలర్ల పరిహారం, క్షమాపణ, జర్మన్ జెండాకు తుపాకీ వందనం, అన్నీ గంటల గడువులో రాబట్టుకుంది. ఇలాంటి రక్షణ ఉన్నవాడు స్థానిక చట్టానికి ఎందుకు భయపడాలి? పైగా ఈ వర్తకులే ప్రభుత్వాలకు అధిక వడ్డీకి అప్పులిచ్చేవారు, ప్రభుత్వాల మీద తిరగబడే సేనానులకూ ఇచ్చేవారు. 1911 నుంచి 1915 దాకా ఏడుగురు అధ్యక్షులు మారారు. ఎవరు గెలిచినా కొత్త అధ్యక్షుడు తీర్చాల్సిన బాకీ ఒకటి సిద్ధంగా ఉండేది.

ఆక్రమణ కాలంలో పెద్దలకు ఒక దెబ్బ తగిలింది. అమెరికన్ సైనికుల కంటికి లేత రంగువాళ్లూ ముదురు రంగువాళ్లూ ఒక్కటే. ఆ అవమానంలోంచే హైతీ రచయిత జాన్ ప్రైస్ మార్స్ ఉపన్యాసాలు వచ్చాయి. 1919లో పుస్తకంగా వెలువడిన వాటి సారాంశం, పెద్దలు తమ జనంతో సంబంధం తెంచుకోవడం వల్లే దేశం చేజారింది, ఇకనైనా బాధ్యత గుర్తెరగండి అని. గొప్ప మనసుతో చేసిన విన్నపం అది. వందేళ్లయినా చెవికెక్కలేదు. మందలింపుతో మారే విషయం అయి ఉంటే ఇంత మంది మందలించాక మారేదే. మనుషుల గుణం సంగతి తర్వాత, వాళ్ల ఆదాయం ఏ దారిలో వస్తోందో చూడాలి. పొరుగున ఉన్న డొమినికన్ రిపబ్లిక్ పెద్దలు వీళ్లకంటే సాధువులేమీ కాదు. అక్కడి నియంత ట్రుహియో 1937లో వేల మంది హైతీ కూలీలను ఊచకోత కోయించాడు. అయినా 1960ల ప్రాంతంలో ఇంచుమించు ఒకే స్థాయిలో ఉన్న రెండు దేశాల తలసరి ఆదాయాల మధ్య ఈనాడు ఎన్నో రెట్ల తేడా ఉంది. ఆ దేశంలో డబ్బు ఫ్యాక్టరీలోకీ హోటల్లోకీ పొలంలోకీ వెళ్లింది. హైతీలో రేవు దగ్గరే తిరిగింది.

కాఫీ బస్తా పలచబడ్డాక బియ్యం బస్తా వచ్చింది. ఇది ఎదురు దారి, రేవు నుంచి పైకి. హైతీకి ఆర్టిబొనైట్ లోయ అంటే మనకు గోదావరి డెల్టా అన్నట్టు. 1980ల మొదటి దాకా దేశం తినే బియ్యంలో అధిక భాగం సొంత పంటే. 1986లో కొడుకు దువాలియే పారిపోయాక సుంకాలు తగ్గించడం మొదలైంది. 1995లో అంతర్జాతీయ అప్పుల షరతుల కింద బియ్యం మీద సుంకం 3 శాతానికి దిగింది. సర్కారు సబ్సిడీలతో పండిన అమెరికా బియ్యం వెల్లువెత్తింది. జనం దాన్ని మయామీ బియ్యం అని పిలిచారు. ఈనాడు తినే బియ్యంలో దాదాపు 80 శాతం దిగుమతే. ఆ విధానం అర్కాన్సాస్ రైతులకు మేలు చేసి హైతీని దెబ్బ తీసిందని, అది తన తప్పేనని 2010 మార్చిలో అమెరికా సెనేట్ కమిటీ ముందు బిల్ క్లింటన్ ఒప్పుకున్నారు.

వాషింగ్టన్ తప్పు ఒప్పుకుంది. రేవు ఒప్పుకోలేదు. సుంకం తగ్గినప్పుడు దిగుమతి వ్యాపారి అడ్డు చెప్పలేదు. ఎందుకు చెబుతాడు? ఆర్టిబొనైట్ రైతు పండిస్తే అతనికి కమీషన్ రాదు, మయామీ నుంచి వస్తే వస్తుంది. 2008 ఏప్రిల్‌లో ప్రపంచ ధరలు పెరిగి జనం ఆకలితో వీధుల్లోకి వచ్చారు, ప్రధానమంత్రి పదవి ఊడింది. దిగుమతి సాగుతూనే ఉంది.

వ్యాపారుల పక్షాన చెప్పవలసింది కూడా ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. కరెంటు ఉండదు, కోర్టు పనిచేయదు, కస్టమ్స్ అధికారికి చేయి తడపనిదే పెట్టె కదలదు, ఏ అల్లర్లలో గోదాము తగలబడుతుందో తెలియదు. అలాంటి చోట పదేళ్లకు గాని ఫలితం ఇవ్వని పరిశ్రమ కంటే, నెలలో చేతికి తిరిగొచ్చే దిగుమతి సరుకే మేలు అనుకోవడంలో తప్పేముంది? వ్యక్తిగా ఆ వ్యాపారి లెక్క సరైనదే. కానీ ఆ అస్తవ్యస్తాన్ని బాగుచేసే ప్రయత్నం వచ్చినప్పుడల్లా ఈ వర్గం ఎటు నిలబడింది? 1990 డిసెంబరు అధ్యక్ష ఎన్నికల్లో 67 శాతం ఓట్లతో గెలిచిన అరిస్టీడ్‌ను, పదవి చేపట్టి ఎనిమిది నెలలు తిరక్కుండానే సైన్యం కూలదోసింది. పెద్ద కుటుంబాల్లో చాలా వాటి అండ ఆ కుట్రకు ఉంది. 2009లో పార్లమెంటు కనీస కూలి రోజుకు 200 గూర్డులు, అంటే సుమారు 5 డాలర్లు, చేయాలని ఓటేసినప్పుడు కుట్టు ఫ్యాక్టరీల యజమానులు అడ్డం పడ్డారు. ఎగుమతి బట్టల కార్మికులకు చివరికి 125 గూర్డులు ఖాయమైంది. అమెరికన్ రాయబార కార్యాలయం ఆ యజమానులకు ఎలా తోడ్పడిందో 2011లో బయటపడ్డ వికీలీక్స్ సందేశాలు చూపించాయి. పన్నుల సంగతి చూస్తే, దేశాదాయంలో 5, 6 శాతం దగ్గరే ఖజానాకు చేరుతోంది. ఇది ప్రపంచంలోనే అట్టడుగు స్థాయి. ఇంత తక్కువ పన్నుతో ఏ సర్కారు కరెంటూ కోర్టూ పోలీసూ ఇవ్వగలదు? రాజ్యం బలహీనంగా ఉందని ఫిర్యాదు చేసేవాళ్లే దాని తిండి కోసేశారు.

అమెరికన్ దౌత్యవర్గాల్లో 1990ల్లో వీళ్లకు నైతికంగా అసహ్యకరమైన కులీనులు అని పేరు పెట్టుకున్నారు. ఈ పేరు నాకు మింగుడుపడదు. పేరు పెట్టినవాళ్లు ఆ కులీనులతోనే విందులూ ఒప్పందాలూ చేసుకున్నారు. అసహ్యం వ్యక్తం చేయడం చవక. రేవు లెక్కలు, దిగుమతి లైసెన్సులు, పన్ను మినహాయింపులు బయట పెట్టించడం కష్టమైన పని, దానికి ఎవరూ పూనుకోలేదు.

ఇక ముఠాల సంగతి. పట్నంలో గోదాములకూ రేవుకూ కాపలా కోసం, ఎన్నికల్లో పేటల్ని అదుపులో పెట్టడం కోసం, రాజకీయ నాయకులూ కొందరు వ్యాపారులూ సాయుధ గుంపులకు డబ్బిచ్చారని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2023 నివేదికలో రాసింది. 2022 డిసెంబరులో కెనడా ముగ్గురు ప్రముఖ వ్యాపారుల మీద ఆంక్షలు విధించింది. ఇవి ప్రభుత్వ నిర్ణయాలే గాని కోర్టు తీర్పులు కావు, ఆరోపణల్ని ఆరోపణలుగానే చూడాలి. పెంచినవాళ్ల చేయి దాటి ముఠాలు ఎదిగాయన్నది మాత్రం కళ్ల ముందున్న సంగతి. 2022 సెప్టెంబరులో జీ9 ముఠా వారూ ఇంధన టెర్మినల్ దారి మూసేసింది. దేశపు పెట్రోలు నిల్వల్లో చాలా భాగం అక్కడే ఉండడంతో రెండు నెలలపాటు ఆసుపత్రుల జనరేటర్లు సైతం ఆగిపోయే స్థితి వచ్చింది. రెండు వందల ఏళ్లు వర్తకులు కూర్చున్న చోటే ఇప్పుడు తుపాకులు కూర్చున్నాయి. బస్తాకు ఇంత, లారీకి ఇంత అని వసూలు చేస్తున్నాయి. 2025 నాటికి ఇళ్లు వదిలి పారిపోయినవాళ్లు 10 లక్షలు దాటారు.

హైతీలో వ్యాపార దక్షతకు కొరత లేదు. సంతకు సరుకు చేరవేసే ఆడవాళ్లను మదన్ సారా అంటారు. గుంపులుగా ఎగురుతూ గోల చేసే ఒక పిట్ట పేరు అది. పల్లెలో కూరగాయలు కొని లారీ పైకప్పు మీద మూటలతో రాత్రంతా ప్రయాణం చేసి, తెల్లారేసరికి పట్నం సంతలో కూర్చుంటారు. 1950ల్లో మానవశాస్త్రవేత్త సిడ్నీ మింట్జ్ ఈ సంతలను చదివి, వాళ్ల లెక్కల్లోని నేర్పునూ, నమ్మకం మీద నడిచే అప్పుల అల్లికనూ వివరంగా రాశాడు. దేశం లోపల పండినదాన్ని దేశం లోపలే తిప్పే వర్తకులంటే వీళ్లే. బ్యాంకు వీళ్లకు అప్పివ్వదు, సంత తగలబడితే బీమా ఉండదు, దారిలో ముఠాకు కప్పం కట్టాలి. పిల్లల్ని చదివించింది వీళ్ల మూటలే. దాంతో పాటు విదేశాల నుంచి పిల్లలు పంపే డబ్బు, దేశాదాయంలో సుమారు ఐదో వంతు, ఇళ్లలో పొయ్యి వెలిగిస్తోంది. హైతీలో వ్యాపార వర్గం పాత్ర మీద పుస్తకాలు రాసేవాళ్లు మదన్ సారాలను ఆ వర్గంలో లెక్కించరు. వాళ్లను కూడా కలుపుకుని చూస్తే ప్రశ్న స్వరూపమే మారిపోతుంది. పెట్టుబడి ఎవరి చేతికి అందుతోంది, ఎవరి చేతికి అందడం లేదు అని అడగవలసి వస్తుంది.

2023లో ఈశాన్య మూలన వానామెంత్ దగ్గర రైతులు డొమినికన్ సరిహద్దు నది నుంచి ఆగిపోయిన కాలువను తవ్వడం మళ్లీ మొదలుపెట్టారు. ఇది మా నీళ్లకు దెబ్బ అంటూ సెప్టెంబరులో డొమినికన్ ప్రభుత్వం సరిహద్దు మూసేసింది. హైతీ జనం ఆగలేదు. ఊళ్ల నుంచి సిమెంటు బస్తాలు, వంట గిన్నెలు, కూలి చేతులు వచ్చాయి. మయామీ, న్యూయార్క్, మాంట్రియల్‌లలో ఉన్నవాళ్లు డాలర్లు పంపారు. మరిబరూ మైదానానికి నీళ్లు మళ్లించడం దాని లక్ష్యం. అక్కడ వరి పండుతుంది. ఆ వడ్లు బియ్యమై సంతకు చేరినప్పుడు, పక్క బుట్టలో మయామీ బియ్యం ఉంటుంది.